మా ఆయన తిరగని ఒక్క రౌండు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఫ్యాను గాలి ఇటువైపే బాగా వస్తుంది. చదువు నాకు నాలుగో తరగతితో ఆగిపోయింది కానీ, చూసిందీ విన్నదీ మాత్రం నన్ను వదిలిపోదు. ఈరోజు మీకు మా ఆయన సంగతి చెబుతాను. అది చెప్పాలంటే ఒక మోటారు సైకిలు సంగతి కూడా చెప్పాలి.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మన దేశం నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మేమేమో పాతవాళ్ళం. మా తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ నాటుకుపోయాం. బిషాన్‌లో మా ఫ్లాట్. ఆయన ఒక ఆఫీసు తరఫున ఉత్తరాలు, పార్సిళ్ళు చిన్న బండి మీద ఊరంతా చేరవేసేవారు. నేను ఇంట్లోనే బట్టలు కుట్టేదాన్ని. మా అమ్మాయి పెళ్ళై వెళ్ళాక ఖాళీ అయిన గదిని కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి అద్దెకిచ్చాం. చాంగీ బిజినెస్ పార్క్‌లో పని. నెమ్మదస్తుడు, తిన్న కంచం తనే కడిగేవాడు. మేం అతన్ని బాబూ అని పిలిచేవాళ్ళం.

అలాంటివాడు ఒకరోజు సాయంత్రం పెద్ద స్పోర్ట్స్ బైక్ మీద వచ్చాడు. సెకండ్ హ్యాండుదే. నీలం రంగు. నిలబెట్టినప్పుడు కూడా దూకబోయే పిల్లిలా ముందుకు వంగి ఉండేది. నేను కుంకుమ బొట్టు పెడదామని కిందికి దిగేసరికి మా ఆయన అప్పటికే దాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. ఇరవై ఏళ్ళు చిన్న బండి మీద ఎండల్లో వానల్లో తిరిగిన మనిషి, ఆ ఇంజను వైపు చూసిన చూపు నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. ఆ మాట అప్పుడే అన్నాను కూడా. బాబు నవ్వాడు, ఆయన వినిపించుకోలేదు.

ఆ బండి రోడ్డు మీద తిరగడానికి కొన్నది కాదు. సరిహద్దు దాటితే మలేషియాలోని జోహోర్‌లో పందేల ట్రాక్ ఒకటుంది. ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని, రుసుము కట్టి, మనసు తీరా తిరిగే రోజులు అక్కడ కొన్ని ఉంటాయి. బాబుకి ఆ పిచ్చి. ఆ పిచ్చి కాస్తా మా ఇంటికి పట్టుకుంది.

ఇక చూడండి నా పాట్లు. రోడ్డుకు పనికొచ్చే బండి ట్రాక్‌కి చాలదట. బ్రేకుల రబ్బరు గొట్టాలు తీసేసి ఉక్కుతీగ అల్లినవి వేశారు. ఇంజను ఆయిలు మూత ఊడిపోకుండా దాని తలకి చిల్లి వేసి సన్నని తీగతో బిగించారు. ఆ తీగని జడ అల్లినట్టు మెలిపెట్టాలి. వాళ్ళకి చేతకాకపోతే నేనే అల్లి పెట్టాను. కొత్త సైలెన్సరు బిగించాక పాతది నా వంటింట్లో బియ్యం డబ్బా పక్కకి చేరింది. ప్రతి ఏడాదీ సర్కారు తనిఖీకి పాతదే బిగించి తీసుకెళ్ళాలి, లేకపోతే ఒప్పుకోరు. తనిఖీ అయిపోగానే మళ్ళీ అది నా బియ్యం దగ్గరికే. చైను కడగడానికి నా పాత బ్రష్షులన్నీ పోయాయి. ఇంటికొచ్చినవాళ్ళు సోఫా మీద కూర్చోవాలంటే ముందు బండికి విప్పిన ప్లాస్టిక్ తొడుగుల్ని లేపాలి.

బ్రేకులో గాలి తీసే పనికి ఇద్దరు కావాలి. ఒకరు కింద నట్టు వదులు చేస్తుంటే ఇంకొకరు పైన బ్రేకు నొక్కి పట్టాలి. మా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆ నొక్కే పని నాది. కార్‌పార్కు పై అంతస్తులో ఎండలో నిలబెట్టి, "ఒత్తుండ్రి ఆంటీ. అట్లనే పట్టుకోండ్రి. ఇగ ఇడువుండ్రి" అంటూ గంటసేపు నా చేత చేయించేవాడు. కింద గొట్టంలో బుడగలు రావడం ఆగేదాకా అదే పని. ఇంటికొచ్చి చపాతీ పిండి కలపబోతే చెయ్యి పట్టు తప్పేది.

ట్రాక్ రోజున తెల్లవారకముందే బయలుదేరేవారు. బాబు ముందు, పనిముట్ల సంచీతో మా ఆయన తన చిన్న బండి మీద వెనక. అక్కడ అద్దాలు, లైట్లు విప్పడం, టైర్లలో గాలి చూడడం ఆయన పని. ఒకసారి తెలిసినవాళ్ళ వ్యానులో నేనూ వెళ్ళాను. అబ్బ, ఆ మోత! కడుపులో గిన్నెలు కొట్టుకున్నట్టుంటుంది. బాబు మా ముందు నుంచి నీలం గీతలా దూసుకుపోయాడు. నేను చూసింది మాత్రం మా ఆయన్ని. గోడ వెనక నిలబడి, గాలి కొలిచే గడియారం చేత్తో పట్టుకుని, బాబు మలుపు దగ్గరికి చేరినప్పుడల్లా ఆయన ఒళ్ళు ఎడమ పక్కకి వాలుతోంది. మోకాలు బయటికి వస్తోంది. ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాసే లేదు.

అది బాబు కూడా చూసినట్టున్నాడు. ఆ వారమే భోజనాల దగ్గర అడిగాడు.

"అంకుల్, వచ్చేసారి మీరొక్క రౌండ్ కొట్టుండ్రి. నేను గాలి చూస్త."

ఆయన ముద్ద కలుపుతూ, "నాకు చిన్న బండి లైసెన్సే కదా బాబూ" అన్నారు.

"ట్రాక్ మీద లైసెన్స్ ఎవ్వరడుగుతరు అంకుల్? హెల్మెట్ ఉందా, సూట్ ఉందా, అంతే."

"వాళ్ళు అడగరు. నేను అడుగుతాను కదా. పెద్ద బండి తోలడం రాకుండా నీ బండి పడేస్తే? అన్నీ పద్ధతిగా నేర్చుకుని ఎక్కుతాను. ట్రాక్ ఎక్కడికి పోతుంది?"

ట్రాక్ ఎక్కడికీ పోలేదమ్మా. ఆ మాట నిజమే.

ఈ ఊళ్ళో లైసెన్సు మెట్లు మెట్లుగా ఇస్తారు. చిన్న బండి తర్వాత మధ్య రకం, అది చేతికొచ్చి ఏడాది గడిస్తేగాని పెద్ద బండికి పరీక్షకే రానివ్వరు. ఆయన ఆ వయసులో కుర్రాళ్ళతో కలిసి వరసలో నిలబడ్డారు. సన్నని పలక మీద మెల్లగా తోలాలి, వరసగా నిలబెట్టిన గొట్టాల మధ్య పాములా బండి తిప్పాలి. మొదటిసారి మధ్య రకంలో తప్పారు. వెనక్కి తిరిగి చూడడం మర్చిపోయారట. బాబు వరండాలో కుర్చీలు వరసగా పెట్టి, ఆయన్ని వాటి మధ్య నడిపించి, మలుపు మలుపుకీ మెడ తిప్పించాడు. ఎదురింటి మలాయ్ ఆవిడ తలుపు సందులోంచి చూసి, అంకుల్‌కి నడుం పట్టిందా అని అడిగింది.

ఆఖరికి పెద్ద బండి లైసెన్సు వచ్చింది. ఆ వేళ ఆయన పాయసం అడిగి మరీ చేయించుకున్నారు. బాబు ఆ నెల ఆఖరి ఆదివారానికి ట్రాక్‌లో ఆయన పేరు రాయించాడు. ఇక తోలు సూటు కావాలి. ఒక స్నేహితుడి దగ్గర పాతది దొరికింది, కానీ అది మా ఆయన పొట్ట దగ్గర కలవలేదు. కింద ఎవరో పారేసిన తోలు సోఫా కోసి, పక్కల అతుకులు వేశాను. మిషను సూదులు విరిగిపోతుంటే చెప్పులు కుట్టే సూదితో చేత్తోనే కుట్టాను. వేసుకుని అద్దం ముందు నిలబడితే, "గాలి కొట్టిన టైరులా ఉన్నారు" అన్నాను. "ఉండనీ, టైరే కదా తిరిగేది" అన్నారు. కొత్త టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు కూడా వేశారు. అంతా సిద్ధం.

సరిగ్గా అప్పుడే బాబు కంపెనీ మూతపడింది. ఒక్క బాబుదే కాదు, ఆ రోజుల్లో ఏ ఇంట్లో విన్నా అదే మాట. నిన్నటిదాకా బస్సు నిండా పోయిన పిల్లలు పెట్టెలు సర్దుకుంటున్నారు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే అనుమతీ పోతుంది. ట్రాక్ రోజు గడిచిన మూడోనాటికి అతని విమానం. బండి మరొకరి పేరుకి మారాలి, లేదంటే తుక్కు కింద ఇచ్చేయాలి. మీరే తీసుకోండి అంకుల్ అని బాబు బతిమాలాడు. ఆయన ఒక పూటంతా ఆలోచించి, పన్నులూ ఇన్సూరెన్సూ మనం మోయలేం, దీన్ని మనం మేపలేం అని చెప్పేశారు. ఆదివారం ఒక్క రౌండు తిరిగితే నాకు చాలు అన్నారు.

వెళ్ళిపోయేవాళ్ళందరూ బళ్ళు అమ్ముతుంటే కొనేవాడేడీ? ఎవరూ రాలేదు. శుక్రవారం సాయంత్రం ఒక చైనా కుర్రాడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, నచ్చింది. రేపు ఉదయమే పేరు మార్చి ఇచ్చేస్తే తీసుకుంటాను, లేకపోతే ఇంకో బండి చూసి పెట్టుకున్నాను అన్నాడు. సోమవారం దాకా ఆగమని బాబు ఎంతో అడిగాడు. "సారీ లా" అని ఇక్కడి యాసలో అంటూ తల అడ్డంగా ఊపాడు కుర్రాడు.

బాబు మా ఆయన్ని పక్కకి తీసుకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పోనియ్యుండ్రి అంకుల్. ఈడు కాకుంటే ఇంకొకడు. ఆదివారం మీరు ఎక్కాలె."

"ఇంకొకడు రాకపోతే?"



"ఏమండీ, ఇన్నేళ్ళు చూశారు. రెండు రోజులే కదా" అన్నాను నేను.

"రెండు రోజులే. ఆ తర్వాత ఎవరూ రాకపోతే తుక్కువాడు కోసేస్తాడే. మనం చేతులారా చేసుకున్న బండి. నేను ఒక్క రౌండు తిరగడానికి దాన్ని కోయించనా?" అని, బాబు భుజం తట్టి, "ఇచ్చెయ్ బాబూ" అన్నారు.

మర్నాడు బండిని పై అంతస్తు నుంచి కిందికి దించాలి. తాళం బాబు ఆయన చేతికే ఇచ్చాడు. మామూలు చొక్కాతోనే, తన రోజువారీ హెల్మెట్ పెట్టుకుని ఎక్కారు. కార్‌పార్కు వాలు దారి గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతుంది. నేను మా వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక అంతస్తులో కనబడతారు, మాయమవుతారు, మళ్ళీ కింది అంతస్తులో కనబడతారు. మొదటి గేరు దాటలేదు. ప్రతి మలుపులోనూ మెడ తిప్పి వెనక్కి చూశారు, అక్కడ వెనక ఎవరూ లేకపోయినా. కింద ఆపి, ఇంజను కట్టేసి, కొంచెంసేపు దిగలేదు. ఆ కుర్రాడికి టైర్లలో ఎంత గాలి ఉండాలో, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చాలో ఓపికగా చెప్పారు. వాడు వెళ్ళిపోయాడు. శబ్దం పెద్ద రోడ్డు దాకా వినిపించింది.

పైకి వచ్చాక కాఫీ అడిగారు. "బాగా ఆగుతోందే బ్రేకు" అన్నారు. అంతే.

బాబు వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ట్రాక్‌కి ఎప్పుడైనా పోయిండ్రా అంకుల్ అని అడిగాడు. వెళ్దాం వెళ్దాం అన్నారీయన. నడుం నొప్పి మొదలై అప్పటికే చిన్న బండి కూడా మానేశారు. అద్దె బళ్ళు కూడా అక్కడ దొరుకుతాయని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు తెలియదు, అడగాలని తోచలేదు. పోయే ముందు రోజుల్లో కూడా ఆయన దేనికీ బాధపడినట్టు కనబడలేదు. ఆ బాధ అంతా నాకే మిగిల్చారనుకుంటాను. పద్ధతిగా ఉండడం తప్పని నేననను. అయినా ఆ భోజనాల వేళ, బాబు అడిగిన వెంటనే, సరే అనుంటే ఎంత బాగుండేదీ అని మాత్రం రోజూ అనుకుంటాను.

చీకటి పడుతోంది, ఇక వెళ్ళిరండి. మీ ఇంట్లో మగవాళ్ళు బండి ఎక్కితే క్షేమంగా దిగాలి. మీ ఆడపిల్లల మనసులో మాట గొంతులో ఆగిపోకూడదు. మీవాళ్ళు దేనికోసం ఆశపడ్డారో అది వాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వాళ్ళకు అందాలి. మీ ఇల్లు చల్లగా, నిండుగా ఉండాలి తల్లీ.