పెద్ద కూరా, అద్దె ఇల్లూ

నాకు ఓపిక తక్కువ. ఉన్న ఆ కాస్తా ఆ ఎండాకాలంలో ఖర్చయిపోయింది.

అప్పుడు మా సంసారం మూడు చోట్ల ఉంది. సామాను నంద్యాలలో, నేనూ పాపా ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గర, మా ఆయన ఎక్కడో ఉత్తరాన ఒక కంటోన్మెంటు ఊళ్లో. ఆయన మిలిటరీలో నాయక్ ర్యాంకులో ఉన్నాడు. పెళ్లయి ఏడేళ్లయినా మేం కలిసి ఉన్న రోజులన్నీ ఆయన సెలవు రోజులే. పాపకు ఐదేళ్లు. దానికి నాయనంటే ఫోన్లో కనిపించే మొహం. ఒకసారి ఆయన చెప్పకుండా సెలవు మీద వచ్చి గుమ్మంలో నిలబడితే, అది ఫోన్ తెచ్చి నా చేతికిచ్చి, "నాయనకు చెయ్యిమా, ఎవరో వచ్చినారు" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అలాంటిది ఆయనకు పీస్ పోస్టింగ్ వచ్చింది. అంటే భార్యాపిల్లలను దగ్గర పెట్టుకునే వీలున్న ఊరు. రెండేళ్లే. తర్వాత మళ్లీ సరిహద్దుకు పోవాల్సిందే. క్యాంపు లోపల క్వార్టర్లున్నాయి గానీ వాటికో జాబితా, ఆ జాబితాలో మా ఆయన పేరు అడుగున ఎక్కడో. వంతు వచ్చేదాకా బయట అద్దెకుంటామంటే పై అధికారి అనుమతి ఇస్తాడు. అనుమతికి అడ్రసు కావాలి. అడ్రసుకు ఇల్లు కావాలి. ఆ ఇల్లు దొరక్క రెండేళ్లలో ఏడు నెలలు అప్పటికే కరిగిపోయాయి.

ఈ మధ్యలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఒక ఇల్లు ఖాయమైందని ఆయన చెప్పగానే, నంద్యాలలో నేను చేస్తున్న టీచరు ఉద్యోగం మానేశాను, ఉంటున్న గది ఖాళీ చేశాను. బీరువా, గ్యాసు పొయ్యి, రెండు ట్రంకుపెట్టెలు మా చర్చి వెనకగదిలో పెట్టించాను. పది రోజులకు ఆ ఇంటాయన మాట మార్చాడు. ఎవరో వాళ్ల చుట్టాలొస్తున్నారట. నాకు ఇక్కడా ఇల్లు లేదు, అక్కడా లేదు.

ఆళ్లగడ్డలో అమ్మ ఇంటి పక్కనే రాళ్లు చెక్కే షెడ్డు. పొద్దున్నే మొదలయ్యే ఉలి చప్పుడు చిన్నప్పుడు చెవికే ఆనేది కాదు. ఆ నెలంతా ఒక్కో దెబ్బా తలలో పడింది. ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఏదో ఒక సాకుతో నంద్యాల బస్సెక్కేదాన్ని. పాప టీసీ అని ఒక రోజు, సామానుకు చెద పట్టిందేమోనని ఒక రోజు. నంద్యాలలో దిగాక ఆ పని అరగంటలో అయిపోయేది. మళ్లీ బస్సు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని అమ్మ తిట్టేది.

"ఏందిమే, ఆ బస్సోళ్లకేమన్నా బాకీ పడినావా? కూచో ఒక చోట."

"కూచుంటే ఇల్లు దొరుకుతాదా మా?"

"తిరిగితే దొరుకుతాండాదా?"

చెప్పులేసుకుని మళ్లీ బయల్దేరేదాన్ని.

వందల మైళ్ల అవతల ఇల్లు వెతకడమంటే ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. మా ఆయన డ్యూటీ దిగాక వీధులు తిరిగి టులెట్ బోర్డు కనబడిన చోటల్లా తలుపు తట్టేవాడు. మొగవాడు ఒక్కడే వస్తే ఇంటివాళ్లకు నమ్మకం కుదరదు. మీ ఇంటావిడతో మాట్లాడించమనేవారు. చిన్నప్పుడు హిందీ పరీక్షలు రెండు పాసయ్యాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. వాళ్ల ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. ఎంతమంది ఉంటారు? నీళ్లు ఎక్కువ వాడతారా? మీవైపు ఏ దేవుణ్ణి కొలుస్తారు? చివరికి మెల్లగా, మాటల్లో మాటగా, ఏం తింటారు?

ఆ ప్రశ్న వచ్చిందంటే ఇల్లు రానట్టే. మూడుసార్లు అదే జరిగింది. చికెన్ తింటామంటే ఒకరు, కోడిగుడ్డు తింటామంటే ఇంకొకరు, ఆలోచించి చెబుతామని పెట్టేశారు. నిజానికి నాకిది కొత్త కాదు. నంద్యాలలో గది వెతికినప్పుడు, "మీరేమోళ్లు?" అని మొహం మీదే కులం అడిగినవాళ్లున్నారు. "టీచర్ని" అని చెప్పి నోరు మూయించేదాన్ని. కానీ ఫోన్లో ఆ తియ్యటి గొంతుతో అడుగుతుంటే ఒళ్లు మండిపోయేది.

మే మధ్యలో మా ఆయన ఒక మాట అన్నాడు. "ఏమే, జూన్ వస్తాండాది. ఇంగ ఇల్లు దొరక్కుంటే పాపను నంద్యాలలోనే బడిలో ఎయ్యి. నేను లీవుకొచ్చినప్పుడు సూచ్చాంలే."

"అంటే ఏందప్పా నువ్వు చెప్పేది? మేం రావద్దనా?"

"రావద్దని యాడ చెప్పినా? యాడికొస్తావ్ అంటాండా."

ఆ గొంతులో ఆశ వదిలేసుకున్నట్టు వినబడింది. నాకు భయం వేసింది. ఈసారి పోతే ఇంకెన్నేళ్లకో. అప్పటికి పాప పెద్దదై, నాయన లేకుండా ఉండటం దానికి పూర్తిగా అలవాటైపోతుంది.

ఆ వారమే నంద్యాల నుంచి వస్తుంటే, శిరివెళ్ల దాటాక ఫోన్ మోగింది. బస్సు నిండా జనం. నా పక్కన ఒకామె మామిడికాయల సంచి ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది. ఫోన్లో ముసలి గొంతు, హిందీ. మీ ఆయన పొద్దున వచ్చి చూసిపోయిన ఇల్లు మాదే అంది. తన భర్తా ఫౌజీయేననీ, అంటే సైనికుడేననీ, చనిపోయాడనీ, ఇంటి వెనకవైపు ఒక గదీ వంటిల్లూ ఉన్నాయనీ చెప్పింది. పాప వయసు అడిగింది. ఎప్పుడు బయల్దేరతారో అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఏం తింటారని అడగనే అడిగింది.

"బేటీ, ఆప్ లోగ్ ఖాతే క్యా హో?"

అంతే. ఏడు నెలల కోపం ఒక్కసారి నోట్లోకొచ్చింది. ఇచ్చేది లేదని ఎలాగూ తెలుసు, దాచిపెట్టి ఏం లాభం అనుకున్నాను. మా ఇళ్లల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక ఎద్దు మాంసం వండుకుంటాం. పక్కవాళ్ల చెవిన పడకుండా దాన్ని ఆ పేరుతో అనం, పెద్ద కూర అంటాం. నేను పుట్టినప్పటినుంచి వింటున్న మాట అదే. దాన్నే నాకొచ్చిన పుస్తకాల హిందీలోకి తిప్పి, బస్సంతా వినబడేట్టు చెప్పాను, ఇస్తే ఇవ్వండి, లేకుంటే లేదని.

"హమ్ బడీ సబ్జీ ఖాతే హై. దేనా హై తో దీజియే, నహీ తో నహీ."

ఆమె "అచ్ఛా, అచ్ఛా" అని పెట్టేసింది. పక్కనామె కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. ఆళ్లగడ్డలో దిగేదాకా బాగానే బుద్ధి చెప్పాననుకున్నాను. దిగి నాలుగడుగులు వేశాక, ఆఖరి ఇల్లు కూడా నా నోటితోనే పోగొట్టానని అర్థమైంది. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.

అమ్మకు జరిగింది చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా వింది.

"తినేది చెప్పినావ్. దొంగతనం చేసింది చెప్పలేదు కదా. ఊరుకో."

"ఇల్లు పాయె కదమా."

"పాయెలే" అంది.

మర్నాడు మా ఆయన ఫోన్ చేశాడు. తిడతాడనుకుని ఎత్తాను. ఆయన నవ్వుతున్నాడు. నవ్వాపుకోలేక మాట రావడం లేదు.

"మే, ఏం చెప్పినావే ఆ ముసలామెకు?"

"ఏం చెప్పినా? ఉండేదే చెప్పినా."

"బడీ సబ్జీ అంటివంట. ఆయమ్మ నన్ను పిలిపించి, మీ ఇంటామెకు గుమ్మడికాయంటే అంత ఇష్టమా, దానికోసం అంత కోపంగా మాట్లాడుతాదేంది అని అడిగింది. కూరగాయల్లో పెద్దది గుమ్మడికాయే కదా, అదే అనుకునింది. మనం కాయగూరలు తప్ప ఇంకేం తినమనుకుంటాంది."

హిందీలో సబ్జీ అంటే కాయగూరేనని, మాంసానికి ఆ మాట వాడరని అప్పుడు గుర్తొచ్చింది. మనకు మాత్రం వంకాయా కూరే, మాంసమూ కూరే.

ఆమె ఏం తింటారని ఎందుకు అడిగిందో కూడా అప్పుడే తెలిసింది. రెండు రాత్రులు రైల్లో వచ్చే ఫౌజీ కుటుంబానికి, దిగిన పూట తనే వండిపెట్టడం ఆమె అలవాటట. భర్త ఉన్న రోజుల్లో తను పెట్టెలతో, చంటిపిల్లతో ఊరు కాని ఊళ్లో దిగితే ఎవరూ మంచినీళ్లివ్వలేదట. అందుకని అడిగింది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. అడిగిన ప్రతివాళ్లూ తరిమేయడానికే అడుగుతారని నేనే తీర్మానించుకున్నాను.

"ఇల్లు ఇస్తాదా?" అన్నాను.

"ఇచ్చేసింది. అనుమతికి కాగితం పెట్టినా. బేగా టికెట్లు సూడు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంగో మాట. గుమ్మడికాయ గుమ్మడికాయగానే ఉండనీ. నువ్వేం ఇడమరిచి చెప్పబాక."

చెప్పనన్నాను. ఇల్లు దొరికిన సంతోషంలో అప్పుడది పెద్ద మాటగా అనిపించలేదు.

జూన్ మొదట్లో నంద్యాల స్టేషన్లో రైలెక్కాం. ఆమెకని బనగానపల్లె మామిడిపండ్లు ఒక బుట్టెడు తీసుకున్నాను. దారి పొడుగునా అవి మాగి ఆ పెట్టెంతా వాసన. దిగాక పాప ఫ్లాట్‌ఫారం మీద యూనిఫారంలో కనబడిన ప్రతి మనిషినీ తేరిపారా చూసింది. అసలు మనిషి ఎదురొస్తే నా వెనక దాక్కుంది.

ఆ ఇంట్లో మొదటి పూట భోజనం గుమ్మడికాయ కూర, పూరీ, గుమ్మడికాయ హల్వా. ఆమె ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. మా ఆయన తల వంచుకుని తింటున్నాడు, భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి. నేను మూడోసారి పెట్టించుకున్నాను. ఆ వారంలో ఇంకో రెండుసార్లు గుమ్మడికాయ పంపింది.

నెల తిరిగేసరికి పాప నాయన మెడ వదలడం మానేసింది. ఆయన డ్యూటీనుంచి వచ్చే వేళకు గేటు పట్టుకుని ఊగుతుండేది. నాకు కావలసింది అదే. అయినా నాకు ఆ గదిలో కుదురు లేదు. మేం శాకాహారులమన్న పేరుతో అక్కడ ఉంటున్నాం. కోడిగుడ్డు తెచ్చుకున్నా పెంకులు కాగితంలో చుట్టి ఆయన దూరంగా పారేసి వచ్చేవాడు. తలుపు చప్పుడైతే నేను గిన్నె మీద మూత పెట్టేదాన్ని.

ఆమె మాత్రం ఆదివారాలు మటన్ వండేది. ఆ సంగతి నాకు వాసనవల్ల తెలియలేదు, కిటికీవల్ల తెలిసింది. మావైపున్న ఆమె వంటింటి కిటికీ వారమంతా తెరిచే ఉండేది, ఆదివారం పొద్దున మాత్రం మూసేది. ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే, లోపల పొగకు దగ్గుతూనే కిటికీ రెక్క లాగుతోంది. నన్ను చూసి నొచ్చుకుంది.

"ఏమనుకోకు బేటీ, మీకు ఈ వాసన పడదు కదా" అంది.

నంద్యాలలో మేం వండుకున్నప్పుడు మా మొహాన కిటికీలు మూసినవాళ్లను చూశాను. మా కోసమని తన కిటికీ మూసుకుని పొగలో ఉక్కిరిబిక్కిరయ్యే మనిషిని మొదటిసారి చూశాను. తట్టుకోలేకపోయాను. తడి బట్టలు అక్కడే వదిలేసి వెళ్లి ఆ రెక్క పట్టుకున్నాను.

"మూయొద్దు ఆంటీజీ. మేం మాంసం తింటాం. మొదట్నుంచీ తింటాం."

ఆమె నోరు తెరిచి చూసింది. తర్వాత నుదురు కొట్టుకుని, ఇన్నాళ్లూ నా గుమ్మడికాయలు ఎట్లా తిన్నారే అని పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కిటికీ బార్లా తెరిచి, లోపలికి పోయి ఒక గిన్నె నిండా మటన్ తెచ్చింది. నా చేతికివ్వబోతూ ఆగింది.

"మరి ఆ రోజు ఫోన్లో బడీ సబ్జీ అన్నావే. అదేంటి?"

మా ఆయన పాపను ఎత్తుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వంకే చూస్తున్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టుగా. పాప ఆయన భుజం మీద గడ్డం ఆనించుకుని ఉంది. క్వార్టర్ జాబితాలో మా పేరు ఇంకా అడుగునే ఉంది.

"గుమ్మడికాయే ఆంటీజీ" అన్నాను.

ఆమె గిన్నె నా చేతిలో పెట్టింది. కూర బాగా కుదిరింది. ముగ్గురం ఏమీ మిగల్చకుండా తిన్నాం. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, ఏం తిన్నారుమే ఈరోజు అని అడిగింది. ఇంటామె మటన్ ఇచ్చిందని చెప్పాను. మన పెద్ద కూర సంగతి ఆయమ్మకు చెప్పినావా అని అమ్మ మళ్లీ అడిగింది. చెప్పినా మా అన్నాను.