అల్లరి అంటే గోల కాదు

కరోనా రావడానికి ముందు ఏడాది నేను రేపల్లెలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాని. అంతకుముందు తెనాలిలోనూ, బాపట్లలోనూ అదే పని. బడిలో చదివింది ఐదో తరగతి; ఇంగ్లీషు పాత తీర్పుల కట్టలు తిరగేసి నేర్చుకున్నదే. కక్షిదారు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో దావాగా టైపు చేయాలి. దాన్ని తిరిగి తెలుగులో చదివి వినిపించాకే సంతకమో, వేలిముద్రో తీసుకోవాలి.

నిజాంపట్నం నుంచి నాగరత్నమ్మ వచ్చింది. హార్బరు వేలంలో చేపలు కొని, ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఒక బుట్ట కనబడలేదని వేలం పాడించేవాడు అందరి ముందూ ఆమెను దొంగ అన్నాడు. బుట్ట సాయంత్రానికే ఇంకో పడవలో దొరికింది. అతను మాట వెనక్కి తీసుకోలేదు. అప్పటినుంచీ ఆమెను పాటలోకి రానివ్వడం లేదు.

"పదిమందిలో నన్ను అల్లరి చేశాడండి" అంది. నేను గోల అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వేశాను. ఎన్నో ఏళ్ళుగా వేస్తున్నదే.

చదివి వినిపిస్తుంటే, సిరా పూసిన వేలు వెనక్కి లాక్కుంది.

"గోలేంటి బాబాయ్? గోల సముద్రం రోజూ చేస్తది. దాని మీద కేసేస్తామా?"

"అల్లరంటే అదేగదమ్మా" అన్నాను.

"మీ మనవడు చేసేది ఆ అల్లరి. నన్ను చేసింది వేరు. మా వదినే నా పక్కన బస్సులో కూచోట్లేదు."

ప్లీడరుగారు కాగితం చూసి, గోలకి పరువునష్టం ఎవడిస్తాడయ్యా అన్నారు. నిఘంటువు తీస్తే గోల, ఆకతాయితనం పైన ఉన్నాయి. ఈ అర్థం ఎక్కడో అడుగున. ఒళ్ళు మండింది. ఊరంతా వాడే అర్థానికి అడుగున చోటా? అల్లరి అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, నింద మోపి నలుగురిలో తలెత్తుకోనివ్వకపోవడం అని పక్కన వివరం రాశాను. పేజీలన్నీ మళ్ళీ టైపు చేశాను. ఆమె మొత్తం విని వేలిముద్ర వేసింది.

సమన్లు అందాక అతను రాజీకి వచ్చాడు. ప్లీడరుగారి గదిలో క్షమాపణ చెబుతానన్నాడు.

"అల్లరి చేసింది పాటలో. గదిలో చెబితే ఎట్టా తీరుద్దండి?" అంది నాగరత్నమ్మ.

రాజీ పత్రంలో అదే షరతు రాశాం. వేలం మొదలయ్యే ముందు, కొనేవాళ్ళందరి ఎదుటా అతను తప్పు ఒప్పుకున్నాడు. ఆ రోజు మూడో బుట్ట ఆమె పాడుకుంది.

'చదివి వినిపించగా విని సరియని ఒప్పుకున్నాను' అనే వాక్యం ఇప్పుడు కొన్నిచోట్ల ముందే టైపయి ఉంటోంది. వినిపించేవాడు మాత్రం ఉండడు. ఆ రోజు నేనూ వినిపించకపోతే ఆమె గోల మీద వేలిముద్ర వేసి ఓడిపోయేది. తప్పు నాది, పట్టుకున్నది ఆమె.