దారులక్క చూడని ఊరు

బస్టాండు ఎదురుగా టికెట్ల కొట్టులో కూర్చునే ఆవిడని అందరూ దారులక్క అంటారు. సెలవులకి జనం ఎగబడే, సముద్రం ఒడ్డునున్న ఓ బుల్లి రాష్ట్రానికి ఎలా వెళ్లాలని ఎవరడిగినా గడగడా అప్పజెప్పేసేది. డబ్బున్న మారాజులకి విమానం, పిల్లాపాపలుంటే రైలు, నడుము గట్టిగా ఉంటే కొండల మీదుగా బస్సు, వాన లేని రోజుల్లో లాంచీ. తాను మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. సొంత అక్క కాపురం అక్కడే, అదేం చోద్యమో!

సెలవులొస్తేనే జనం ప్రయాణాలు పెట్టుకుంటారు. జనం కదిలితే ఈవిడకి కుర్చీ దిగే వీలుండదు. సెలవడిగితే యజమాని మొహం ముడుచుకునేవాడు, నిజమే. అలాగని తప్పంతా ఆయన నెత్తిన రుద్దితే ఎలా? వచ్చే సెలవులకి, వచ్చే సెలవులకి అంటూ అక్కని ఊరించింది ఈవిడే.

అక్కా తక్కువదేం కాదు. పనివేళల్లో చెల్లెలి ఫోను సొరుగులో ఉంటుందని తెలుసు. అందుకే కొట్టు నంబరుకి చేసి, గొంతు మార్చి, మా ఊరికి ఎలా రావాలండీ అని అడిగేది. చెల్లెలు గుర్తుపట్టీ పట్టనట్టు, విమానం నుంచి లాంచీ దాకా వరసపెట్టి చెప్పేది. చివరికి ఇద్దరూ ఫక్కున నవ్వేవారు. ఏళ్ల తరబడి ఇదే ఆట.

ఆ వానాకాలం ఒకరోజు, కౌంటరు ముందు జనం కిక్కిరిసి ఉండగా ఫోను మోగింది. అదే ప్రశ్న. ఈసారి అక్క గొంతు మార్చలేదు. చెల్లెలు పాఠం మొదలుపెట్టగానే ఆపేసి, "అన్నిటికంటే తొందరగా వచ్చేదేదే?" అంది.

"తొందరేముందండీ? రైలెక్కండి. సముద్రం చూసుకుంటూ హాయిగా రావచ్చు," అని చెల్లెలు నవ్వేసింది.

అవతల నవ్వు వినబడలేదు. సరేలే, నీ పని చూసుకో అంది అక్క. అప్పుడైనా అనుమానం రావద్దూ? వరసలో ఎవరో విసుక్కుంటుంటే ఫోను పెట్టేసింది.

ఆ వారంలోనే బావ ఫోను. అక్కకి చాన్నాళ్లుగా ఒంట్లో బాగుండటం లేదట. చెల్లెలికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట. ఇప్పుడు స్పృహ లేదట. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, దారులక్కకి ఒక్క దారీ తోచలేదు. తనకో టికెట్టు కూడా తీసుకోలేకపోయింది. చివరికి యజమానే తన డబ్బుతో విమానమెక్కించాడు. పాపం, ఆ మాటా చెప్పుకోవాలి.

ఆవిడ వెళ్లేసరికి వాకిట్లో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల అక్క మంచం కిటికీని ఆనుకుని ఉంది. ఖాళీగా ఉంది.

"నీతో మాట్లాడాక, మా చెల్లి రైల్లో వస్తుందంటూ మంచం అక్కడికి జరిపించుకుందమ్మా," అన్నాడు బావ. "అక్కణ్నుంచి స్టేషను కనబడుతుంది. రైలు కూసినప్పుడల్లా తల తిప్పేది."

దారులక్క ఆ మంచం పట్టెమీద తల పెట్టుకుని బావురుమంది.

ఇప్పటికీ ఆ కొట్టులోనే ఉంది. కానీ ఎలా వెళ్లాలని అడిగితే వెంటనే చెప్పదు. అక్కడ మీకోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని అడుగుతుంది. నీకెందుకమ్మా అని కొందరు చిరాకుపడతారు. పడితే పడనీ. జవాబు వచ్చేదాకా అలా మొహంలోకి చూస్తూనే ఉంటుంది.