వరుసలో రెండో జత చెప్పులు

భోజనాల వేళ. వరండాలో ఎవరూ లేరు. వర్క్‌షాప్ గుమ్మం ముందు ఐదు జతల చెప్పులు వరుసగా ఉన్నాయి. రెండో జతను బొటనవేలితో నెట్టుకుంటూ పోయి చివర పెట్టి, మిగతావి ముందుకు జరిపినాను. నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఒకదానికి తెగిన పట్టీని పిన్నీసుతో బిగించి ఉన్నారు. ఎవరివో నాకు తెలుసు. తరువాత క్యాంటీన్‌కు పోయి టీ తాగినాను.

ముప్పై ఏళ్ళు దినపత్రికలో పని చేసి, ఇప్పుడు చిక్కబళ్ళాపురం దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠం చెబుతున్నాను. అక్కడ ఆఖరి ఏడాది పిల్లలు మూడు విభాగాల వాళ్ళు కలిసి ఒక వస్తువు తయారు చేయాలి. అందరికీ ఒకటే వర్క్‌షాప్, అందులో ఒకటే త్రీడీ ప్రింటర్. కంప్యూటర్‌లో బొమ్మ గీసి ఇస్తే అది ప్లాస్టిక్‌ను కరిగించి, పొర మీద పొర పోసి వస్తువు చేసి ఇస్తుంది. అరచేతంత చక్రానికి మూడు గంటలు పడుతుంది.

బుకింగ్ కోసం కంప్యూటర్‌లో ఒక పట్టిక పెట్టినారు. దాన్ని ఎవరూ చూడరు. లోపల బూట్లు వేసుకోవాలి కాబట్టి పిల్లలు చెప్పులు గుమ్మం ముందు విడుస్తారు. ఆ చెప్పుల వరుసే ప్రింటర్ వరుస. రేషను అంగడి ముందు చెప్పులో రాయో పెట్టి, ఇంటికి పోయి పని చూసుకొని వచ్చే ఊళ్ళ పిల్లలు వీళ్ళు. ఇక్కడా అంతే, బూట్లతోనే క్లాసుకు పోయి తమ వంతుకు వస్తారు. ఒకరి చెప్పులు ఇంకొకరు ముట్టరు.

వర్క్‌షాప్ చూసుకొనేది బాగేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పెద్దాయన. ఇంతకు ముందు హైవే పక్కన లేత్ అంగడి నడిపినాడు. డిగ్రీ లేదు. పిల్లలు నన్ను సార్ అంటారు, ఆయన్ను ఇంట్లో నాన్నను పిలిచినట్టు అప్పా అంటారు. మొదట్లో నేను దీన్ని పట్టించుకోలేదు.

ఆ చెప్పుల పిల్ల నా క్లాసు పిల్లే, ఊరు కెంచార్లహళ్ళి. రెండేళ్ళుగా ఏది రాసినా మొదట నాకే చూపించేది. నేను ఒక మాట కొట్టేస్తే, ఎందుకు కొట్టేసినానో రెండు రోజులు ఆలోచించి తనే వచ్చి చెప్పేది. పత్రికలో ఉన్నన్నాళ్ళూ అట్లాంటి మనిషి నాకు దొరకలేదు.

ఆమె జట్టు చెనక్కాయ విత్తనం వేసే గొట్టం ఒకటి చేస్తోంది. నిలబడినట్టే దాన్ని నేలలో పొడిచి మీట నొక్కితే ఒకటే గింజ పడాలి. గింజను పట్టే గుంటలున్న చక్రమే దానికి ప్రాణం. రైతులతో మాట్లాడి రాయడం ఈమె వంతు. బాగేపల్లి వైపు ఒక ఊళ్ళో నడుము పట్టేసి వంగలేని ఒకావిడకు, ఈ వానలకు గొట్టం తెస్తానని మాటిచ్చి వచ్చింది. పరీక్షకులు ఎంచిన ఒక్క జట్టు వస్తువునే ఆ ఏడాది ఊళ్ళలో వాడి చూస్తారు.

ఒక రోజు నేను పోయేసరికి ఆమె తన నివేదికను ఆ పెద్దాయనకు చదివి వినిపిస్తోంది. నేనింకా చూడని నివేదిక. ఆయన ఇనుప ముక్కకు ఆకురాయి పెడుతూనే అంతా విన్నాడు.

"ఆయమ్మ విత్తనం యాడ పెట్టుకోని ఏస్తాదో రాయలేదు గదమ్మా," అన్నాడు. "కొంగులో అయితే ఒక చెయ్యి దానికే పోతాది. మీ గొట్టానికి రెండు చేతులు కావల్ల."

అది నేను అడగవలసిన ప్రశ్న. అడిగేవాణ్ణో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆమె తల ఎత్తకుండా రాసుకొంటోంది. ఆయన నన్ను చూసి నవ్వినాడు.

"రాప్పా పేపరాయనా. మీ పిల్లను మేము తీసేసుకొంటిమి. కావాల్నంటే పేపర్లో ఏసుకో."

నేనూ నవ్వినాను. వారం తరువాత నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. కొట్టేయడానికి ఒక్క మాట లేదు. ఎర్ర పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టినాను.

నేను చెప్పులు జరిపింది పరీక్షకు ముందు రోజు. అప్పటికి వాళ్ళ చక్రాలు రెండు, గుంటలు గింజకు సరిపోక వృథా అయినాయి. గింజలు ఒక్కొక్కటీ కొలిచి మూడోది గీసినారు. రెండో వంతు అంటే మధ్యాహ్నం రెండుకు మొదలై ఐదుకు చక్రం చేతికొస్తుంది. ఆరుకు గది మూస్తారు. ఐదో వంతు అంటే ఆ రోజుకు లేదు. ఈ లెక్క తెలిసే జరిపినాను.

రెండుకు ఆమె వచ్చింది. నేను కిటికీ దగ్గర పేపరు చదువుతున్నట్టు నిలబడి ఉన్నాను.

"పొద్దున రెండోదిగానే విడిస్తి గదప్పా," అంది.

ఆయన వరుసను చాలాసేపు చూసినాడు. "చెప్పులు యాడుంటే మనిషి ఆడే కదమ్మా. నీకొకదానికి తప్పిస్తే రేపు అందరికీ తప్పించల్ల."

ప్రింటర్ మూడో వంతులో ఉండిన చింతామణి ఊరి పిల్లల జట్టుకు పోయింది. పాల క్యాను ఎండకు వేడెక్కకుండా వాళ్ళొక మూత చేస్తున్నారు. మధ్యాహ్నం తాము వచ్చేసరికే చెప్పులు ఈ వరుసలో ఉండినాయని వాళ్ళు చెప్పినారు. నిజమే చెప్పినారు.

పెద్దాయన ఆకురాయి తీసుకొని కట్టె ముక్కతో చక్రం చేయడానికి కూర్చున్నాడు. మరునాడు పరీక్షకుల ముందు ఆ చక్రం మొదట రెండు గింజలు ఒకేసారి వదిలింది, తరువాత ఒకదాన్ని నలిపేసింది. పాల క్యాను మూతను ఎంచినారు.

ఆ సాయంత్రం ఆయన కట్టె పొట్టు ఊడుస్తుంటే నేను గుమ్మంలో ఆగినాను. గదిలో ఇంకెవరూ లేరు.

"ఇంత వయసొచ్చె. చెప్పులు వాటంతకవే నడిచేది మాత్రం ఎప్పుడూ చూడలేదప్పా," అన్నాడు, చీపురు ఆపకుండానే.

ఏ బస్సుకు పోతావని అడిగినాను. చెప్పినాడు.

వానలు పడినాయి. బాగేపల్లి వైపు చెనక్కాయ వేసేసినారు. గొట్టం కట్టె చక్రంతోనే వర్క్‌షాప్ అటక మీద ఉంది. మాటిచ్చి వచ్చిన ఆ ఊరికి ఆమె మళ్ళీ పోలేదు. చెప్పులు జరిపింది చింతామణి పిల్లలేనని ఆమె నమ్మకం. వాళ్ళతో ఈ రోజుకీ మాట్లాడదు.