పొట్టేలు మెడలో పదకొండు గవ్వలు

మొన్న హైదరాబాదులో ఒక ప్రదర్శనలో ఆఫ్రికా నుంచి వచ్చిన కొయ్య ముఖమొకటి చూశాను. కళ్ళుండాల్సిన చోట రెండు గవ్వలు పొదిగారు. అక్కడ గవ్వ చూపుకూ సంతానానికీ గుర్తనీ, చెడును దగ్గరికి రానివ్వదనీ పక్కనున్న చీటీలో రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. గిద్దలూరు పక్కన గొర్రెలు కాచుకునే మా తాత ఏ చీటీ చదవకుండానే ఈ మాట చెప్పేవాడు.

మందకు ముందు నడిచే పొట్టేలు మెడకు ఆయన చేత్తో కుట్టిన గవ్వల పట్టెడ ఉండేది. నల్ల ఉన్నిపట్టీ మీద పదకొండు గవ్వలు. అవి గంగమ్మ కళ్ళట, అడవిలో చిరుతను మనకంటే ముందే చూస్తాయట. ఎండలు ముదిరి చేలల్లో గడ్డిపోచ మిగలని రోజుల్లో, అవ్వ కాల్చిన జొన్నరొట్టెల మూటలూ, బెల్లం వేసిన కొర్రపాయసమూ, గొంగళ్ళ వాసనా, పిల్లల అరుపులూ, గొర్రెపిల్లల అరుపులూ ఒకటైపోయి, మంద నల్లమలకు కదిలే పొద్దున మాకు పండగే.

ఒక ఏడు మంద కదిలే ముందు నా అష్టాచెమ్మ గవ్వల్లో ఒకటి పోయింది. పొట్టేలు నెమరేస్తుంటే పట్టెడ నుంచి ఒకటి కోసుకున్నాను. కదిలే పొద్దున తాత అలవాటుగా పట్టెడ తడిమి ఆగిపోయాడు. ఒక కన్ను తక్కువైతే మందను అడవిలోకి తోలనన్నాడు. గొర్రెలేమో ఆకలికి అరుస్తున్నాయి.

"నేనే తీసినా తాతా," అన్నాను.

ఆయన తిట్టలేదు. "ఆటలో దిగిన గవ్వను ఊరికే వెనక్కి తీసుకోగూడదమ్మీ, గెల్చుకోవాల," అని నేల మీద గళ్ళు గీశాడు. చెరొక కాయ, ముందు ఎవరి కాయ చస్తే వాళ్ళు ఓడినట్టు.

ఓడిపోదామని నేను కూర్చుంటే వేసినప్పుడల్లా అష్టానే! చుట్టూ మూగిన కాపర్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. చివరికి మూడు పడింది, సరిగ్గా తాత కాయను చంపే మూడు. నేను నాలుగు గళ్ళు నడిపి, నా కాయను ఆయన కాయకు ఒక్క గడి ముందు నిలబెట్టాను. తాత ఒకటి వేసి దాన్ని చంపేశాడు.

"బళ్ళో లెక్కలు గూడా ఇట్లనే చేస్తాండావా?" అని నవ్వాడు, గవ్వను మళ్ళీ పట్టెడకు కుట్టుకుంటూ. ఆ నవ్వు చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు మా వైపు మందలు లారీలెక్కి పోతున్నాయి. పొట్టేళ్ళ మెడల్లో ప్లాస్టిక్ తాళ్ళు. తాత పోయాక మందను అమ్మిన రోజు, గుర్తుగా ఉంచుకోమని నాయన పట్టెడ విప్పబోయాడు. వద్దన్నాను. ఓడి ఇచ్చిన గవ్వను ఏ ముఖంతో వెనక్కి తీసుకోను?