మూడుముక్కల మేడం

బస్సు డిపోలో ఆవిడను అందరూ మూడుముక్కల మేడం అంటారు. మనసును కులాసాగా ఉంచుకోవడం నేర్పడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. భుజాన గుడ్డసంచీ, చెవి వెనక పెన్సిలు. ప్రతి మంగళవారం డ్యూటీ దిగిన డ్రైవర్ల ముందు ఒకటే పాట: "ఈ రోజు జరిగిన మంచి మూడు ముక్కల్లో రాయండి. లేనిది మాత్రం రాయకండి." పెద్ద డ్రైవరు ఒకాయన వరసగా పద్దెనిమిది వారాలు "ఏమీ లేదు" అనే రాశాడు. ఆవిడ నొచ్చుకోలేదు, నీతులు చెప్పలేదు. ప్రతిసారీ "నిజం రాశారు" అని పక్కన టిక్కు పెట్టింది.

తర్వాత ఆవిడ జ్వరమొచ్చి రెండు వారాలు మంచం దిగలేదు. క్లాసు అటకెక్కే ఉంటుందనుకుంటూ వచ్చేసరికి, గదిలోంచి ఆ డ్రైవరు గొంతే ఖంగుమంటోంది. కొత్త కండక్టరమ్మకు చెబుతున్నాడు: "ఏమీ లేకపోతే లేదనే రాయమ్మా, దానికీ టిక్కు పడుతుంది. నాకు పద్దెనిమిది పడ్డాయి. మేడం రాని రెండు వారాలూ అందర్నీ నేనే కూర్చోబెట్టాను. రాయడానికి అప్పుడు దొరికింది ఒకటి."

ఆవిడ పిల్లిలా వెళ్లి చివరి బెంచీలో కూర్చుని ఒకే ఒక్క ముక్క రాసింది: "ఈ రోజు నా క్లాసు నేను లేకుండానే మొదలైంది." కాగితాలు పోగుచేస్తూ వచ్చిన డ్రైవరు అది చదివి చెయ్యి చాచాడు.

"మేడం, ఆ పెన్సిలు ఇలా ఇవ్వండి."

టిక్కు పెట్టాడు.