వెదురు పూసిన యేడు

నర్సీపట్నంలో నన్ను ఎవరూ ప్రొబేషన్ ఆఫీసరు అనేవారు కాదు. "జైలు బాబు" అనేవారు. జైలుకూ నాకూ సంబంధం లేదనీ, పిల్లలు అక్కడికి వెళ్ళకుండా చూడడమే నా పని అనీ డెబ్బైల మొదట్లో కొన్నాళ్ళు చెప్పి చూశాను. వింటూ తలలూపేవారు. నేను సైకిలెక్కి పది గజాలు పోగానే మళ్ళీ జైలు బాబునే.

పని చెప్పుకోవడానికి చిన్నది. తప్పు చేసి పట్టుబడిన పిల్లవాడి ఇంటికి వెళ్ళాలి. వాడి సంగతి సందర్భాలు కనుక్కోవాలి. ఇంటికి పంపితే బాగుపడతాడా లేదా అని కోర్టుకు రిపోర్టు రాయాలి. పంపితే నెలనెలా వాడిని ఒక కంట కనిపెట్టి ఉండాలి. అయితే ఆ ఇళ్ళలో నిజం అడగ్గానే బయటికి రాదు. అందుకని నాకు కొన్ని అలవాట్లు పడ్డాయి. కబురు చెయ్యకుండా వెళ్ళేవాణ్ణి. ఒకే ప్రశ్న మూడు తీర్లుగా అడిగేవాణ్ణి. తండ్రి ఊళ్ళో లేడంటే చూరు కింద చెప్పులు చూసేవాణ్ణి, బోర్లించిన కంచాలు లెక్కపెట్టేవాణ్ణి. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాణ్ణి కాదు. నీళ్ళు తాగిన ఇంటి గురించి ఉన్నదున్నట్టు రాయడం కష్టమని నా నమ్మకం.

ఇంకొక నమ్మకం పుస్తకాల మీద. ఎస్సెల్సీతో చదువాగిపోయి గుమస్తాగా చేరినవాణ్ణి. ప్రైవేటుగా బి.ఏ. కట్టి, డిపార్టుమెంటు పరీక్షలు రాసి ఈ ఉద్యోగం దాకా వచ్చానంటే అది శాఖా గ్రంథాలయం చలవ. సాయంత్రం తలుపులు తెరిచే వేళకు గుమ్మంలో ఉండేవాణ్ణి. మనస్తత్వ శాస్త్రం మొదలుకొని తేనెటీగల పెంపకం వరకూ ఏ బీరువానూ వదల్లేదు. మనుషులు మాట మారుస్తారు, అచ్చులో ఉన్నది మారదు అనుకునేవాణ్ణి.

ఎనభైల చివర, పిల్లల నేరాల మీద కొత్త చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో, ఒక కేసు వచ్చింది. సంతలో ఎవరో ఆపుకున్న సైకిలెక్కి ఒక కుర్రాడు మాకవరపాలెం దారిలో పోతూ పట్టుబడ్డాడు. అమ్ముకుందామని కాదు, తొక్కాలనిపించింది అన్నాడట. నేను నమ్మలేదు. కానీ అసలు చిక్కు సైకిలుతో కాదు, వాడి వయసుతో వచ్చింది. పోలీసు కాగితాల్లో పంతొమ్మిది అని ఉంది. వాడి తల్లి కోర్టు వరండాలో కనిపించినవాళ్ళందరికీ దండం పెట్టి పదిహేను అంటోంది. కొత్త చట్టం ప్రకారం పదహారు నిండని మగపిల్లవాడే పిల్లవాడు. నిండకపోతే తల్లితో ఇంటికి పోయి నా అజమాయిషీలో ఉంటాడు. నిండితే విచారణ అయ్యేదాకా పెద్దవాళ్ళ మధ్య సబ్‌జైల్లో, శిక్ష పడితే ఆపైన పెద్ద జైల్లో. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి పదిహేనుకూ పద్దెనిమిదికీ మధ్య అని రాసి ఊరుకున్నారు.

"ఇంటికెళ్ళి తేల్చుకురండి. వాయిదాకి రిపోర్టు కావాలి," అన్నారు మేజిస్ట్రేటుగారు నాతో. అప్పటిదాకా కుర్రాడు సబ్‌జైల్లోనే.

తల్లి మిషను చర్చి వెనక పాకలో ఉండేది. చింతపల్లి అవతలి కొండల నుంచి, మొగుడు పోయాక, బిడ్డను చంకనేసుకుని దిగివచ్చిన మనిషి. చర్చిలో కలిసి, వాళ్ళ బడి ఊడ్చే పనిలో కుదిరింది. నేను వెళ్ళేసరికి చీపురు పుల్లలు ఏరుకుంటోంది.

"కాగితాల్లో పంతొమ్మిదని ఎలా పడిందమ్మా?" అన్నాను.

"నానే సెప్పాను బాబూ."

"నువ్వే చెప్పావా?"

"పెద్దోడంటే బేగి ఒగ్గేస్తారనుకున్నాను. సిన్న గుంటడంటే కొడతారు గదా."

"ఆమధ్య వాణ్ణి కాఫీ తోటలో పనికి పెట్టావట, అప్పుడెంతని చెప్పావు?"

"పద్దెనిమిదని. నేకపోతే సగం కూలే ఇస్తారు."

"ఇప్పుడేమో పదిహేను."

"ఇప్పుడు నిజం సెప్తన్నాను గదా!"

ఒకే నోట మూడు వయసులు అని నా పుస్తకంలో రాసుకున్నాను. ఏ యేడు పుట్టాడని అడిగాను.

"యేడంటే నాకేటి తెలుస్తాది బాబూ? మా కొండమీద ఎదురు పూసిన యేడు. ఎదురుబియ్యం రాల్తంటే తట్టలకెత్తుకున్నాం. ఆటికోసం ఎలకలొచ్చీసి పోడు సేనంతా కొట్టీసినాయి. ఇంకేటీ నేదు తిండానికి. ఆ ఎదురుబియ్యం గంజి తాగే ఈణ్ణి కన్నాను."

లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దన్నాను.

"మా ఇంట్లో తాగరేటి?"

"ఎవరింట్లోనూ తాగనమ్మా."

ఆవిడ చెంబు కింద పెట్టలేదు, లోపలికీ పట్టుకెళ్ళలేదు. నేను సైకిలు తీసేదాకా అలాగే పట్టుకు నిలబడింది.

చర్చి పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవారు. ఆయన బాప్తిస్మాల రిజిస్టరు తీసి చూపించారు. పదకొండేళ్ళ కిందటి పేజీలో ఆ కుర్రాడి వరుసలో "వయసు సుమారు నాలుగు" అని ఉంది. పైవరుసలన్నీ ముదురు నీలం. ఈ ఒక్క వరుసా, దాని కింద రెండూ వెలిసిపోయినట్టున్నాయి.

"ఇక్కడ సిరా మారిందేమండీ?"

"అయిపోతే నీళ్ళు కలిపానండీ. సిరా ఆగిందని బాప్తిస్మాలు ఆపుతామా?"

"నాలుగేళ్ళని ఎలా తెలిసింది?"

"చూసి రాశాను. పాలపళ్ళు ఒక్కటీ ఊడలేదు వాడికి."

"మీ సంఘం బిడ్డే కదా అని..."

"నేను అబద్ధం రాస్తే పైన ఇంకో రిజిస్టరుందండీ, అందులో పడుతుంది," అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కావలసినవాళ్ళ సాక్ష్యం అని రాసుకుని వచ్చేశాను.

ఇక నాకు మిగిలింది వెదురు. గ్రంథాలయంలో అడవుల మీద లావాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. దొరికింది. వెదురు నలభై ఏళ్ళకో ఇంకా పైనో ఒకసారి, ఆ ప్రాంతమంతా ఒక్కసారే పూసి, గింజ రాల్చి చచ్చిపోతుందట. పదిహేనేళ్ళ కింద మన్యమంతా వెదురు పూసి ఉంటే ఈ ఊరివాళ్ళకు గుర్తుండదా? మా ఆఫీసులో పాతవాళ్ళని అడిగాను. ఎవరూ ఎరగమన్నారు. నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. "తల్లి చెప్పిన గుర్తు శాస్త్రరీత్యా అసంభవం. ఆమె మాట నమ్మదగినది కాదు" అని రిపోర్టులో రాశాను. ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి, ఊరికే, చదువుకున్నాను. వాయిదాకు మూడు రోజుల ముందే కోర్టులో ఇచ్చేశాను.

ఆ సాయంత్రం, రిపోర్టు కోసం ఇంటికి తెచ్చుకున్న పుస్తకం గ్రంథాలయం బీరువాలో పెడదామని వెళ్ళాను. బల్ల దగ్గర రిటైరైన ఫారెస్టు గార్డు ఒకాయన పేపరు చదువుతున్నాడు. రోజూ వచ్చేవాడు. పెదవులు కదుపుతూ, పైకి వినబడేలా చదివేవాడు. నేను రెండు మూడుసార్లు కసిరాను కూడా. ఆయన్ని చదువరుల లెక్కలో వేసేవాణ్ణి కాదు.

నా చేతిలో పుస్తకం అట్ట మీద బొమ్మ చూసి, "ఎదురు మీద అంత పెద్ద పుస్తకమేటండీ?" అన్నాడు.

"మీకు తెలియనివి చాలా ఉంటాయి లెండి. నలభై ఏళ్ళకోసారి పూస్తుందని తెలుసా?"

"ఏ ఎదురు?"

"ఏ వెదురేమిటి? వెదురంటే వెదురే."

"అలగనకండి. బొంగెదురైతే మీరన్నట్టే. నా సర్వీసంతా తిరిగినా దాని పూత సూళ్ళేదు. సాదనపెదురు, గట్టి కర్ర అవుతాది సూడండి, దానికా లెక్క నేదు. ఈ కొండకి ఓ యేడు, ఆ కొండకి ఇంకో యేడు. సింతపల్లి అవతల నాను బీటు సేసినప్పుడు ఒక్క కొండ మీదే పూసింది. ఎలకలండీ బాబూ! నా బూట్లు కూడా కొరికీసినాయి."

తల్లి చెప్పినవీ ఎలకలే. అయినా నోటికొచ్చిన మొదటి మాట వేరు.

"ఎవరైనా పంపారా మిమ్మల్ని?"

"ఎక్కడికండీ?"

"నాతో ఈ మాట చెప్పమని."

ఆయన పేపరు మడిచాడు. "నాను రోజూ ఈ కుర్చీలోనే కూకుంటాను. పుస్తకం ఒట్టుకొచ్చింది మీరు. మీకు మీ నీడ మీదైనా నమ్మకముందా?"

"అది ఏ సంవత్సరం?"

"మా సిన్నమ్మి పుట్టిన యేడు. పురిటికి రమ్మని కబురొస్తే, ఎలకల గొడవని సెలవియ్యనేదు మా రేంజరుగారు."

"రుజువేమిటి?"

"పిల్లుంది గదా ఇంట్లో! అంతకన్నా రుజువేటి?"

ఆయన వెళ్ళాక పుస్తకం మళ్ళీ తెరిచాను. నేను ఎత్తి రాసుకున్న వాక్యం పేజీ అడుగున ఉంది. పేజీ తిప్పితే పై వరుసలోనే ఉంది: మరొక జాతి వెదురు అక్కడొక గుబురు, ఇక్కడొక గుబురుగా, ఏ ఏడైనా పూయవచ్చు. నాకు కావలసిన మాట దొరికిందని నేను పేజీ తిప్పలేదు.

మర్నాడు పొద్దున్న గార్డు ఇంటికి కబురు చెయ్యకుండానే వెళ్ళాను. అలవాటు. ఆయన గొణుక్కుంటూ ట్రంకుపెట్టె తీసి కూతురి పుట్టిన తేదీ ఉన్న బడి సర్టిఫికెట్టు నా మొహాన పెట్టాడు. "సిరా కూడా సూసుకోండి," అన్నాడు. నా సంగతి ఊళ్ళో అప్పటికే తెలిసిందన్నమాట. ఆ లెక్కన కుర్రాడికి పదహారు నిండడానికి ఇంకా నాలుగైదు నెలలున్నాయి. అయ్యగారి రిజిస్టరూ దగ్గర దగ్గరగా అదే చెబుతోంది.

నిజం చెప్పాలంటే, తిరిగొస్తూ దారంతా తప్పించుకునే ఉపాయమే వెతికాను. రిపోర్టు వెళ్ళిపోయింది. నేను నోరెత్తకపోతే అడిగేవాళ్ళు లేరు. ఇది ఆ కొండే అని రుజువేముంది? తల్లి ముందే ఎన్నిసార్లు మాట మార్చలేదు? కానీ బూట్లు కొరికిన ఎలకలూ, పోడు కొట్టేసిన ఎలకలూ ఒక్క యేటివేనని ఒప్పుకోక తప్పలేదు; అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు.

వాయిదా రోజున గార్డునూ, సర్టిఫికెట్టునూ వెంటబెట్టుకుని వెళ్ళి ఇంకో కాగితం ఇచ్చాను. మేజిస్ట్రేటుగారు రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"శాస్త్రరీత్యా అసంభవం అని రాశారే?"

"రాశానండి."

"మరి శాస్త్రం మారిందా?"

"లేదండి. తర్వాతి పేజీ నేను చదవలేదండి."

బెంచి గుమస్తా నవ్వాపుకోలేక ఫైళ్ళ మీదికి వంగాడు. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు. గార్డు మాటా, రిజిస్టరూ, ఎక్స్‌రే కాగితమూ అన్నీ చూసి కుర్రాణ్ణి పిల్లవాడి కిందే లెక్కగట్టి, తల్లి బాండు మీద నా అజమాయిషీలో ఇంటికి పంపారు.

తర్వాతి నెల సంతకానికి తల్లీ కొడుకూ నా ఆఫీసుకు వచ్చారు. మండుటెండ. కుర్రాడు కూజా వైపు చూస్తున్నాడని గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. చెయ్యి చాపాడు.

"తాగకు," అంది తల్లి. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ఓ మాటడుగుతాను, కోపం సెయ్యకండి," అంది. "ముందు అబద్దమని రాసినారు. మల్లీ నిజమని రాసినారు. ఎవులేటిచ్చారు మీకు?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదమ్మా."

"అయ్యగారు గానీ ఇచ్చారా?"

"లేదమ్మా."

నా బల్లా, నా బీరువా, గుమ్మం పక్కన విడిచిన నా చెప్పులూ చూసింది.

"పోనీ, మీకు మా కొండ తెల్దు, ఎదురు తెల్దు. తెలీనప్పుడు అబద్దమని ముందెలాగ రాసినారు?"

నేను సంతకాల పుస్తకం కుర్రాడి ముందుకు జరిపాను. కుర్రాడు నేర్చుకున్న నాలుగక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టాడు. వాళ్ళు వెళ్ళాక గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. కాసేపు చూసి నేనే తాగాను.